మాక్స్‌వెల్ పండితుడును ఆడమ్స్ బహుమానమును

బహుమానములు రెండు విధములు. చేసి ముగించిన పనిని మెచ్చుకొని యిచ్చునది యొకటి. ఇంతవరకు ఎవరికిని తెలియని సంగతి నొకదానిని ప్రశ్నరూపమున పండితుల ముందుంచి, దీనిని తేల్చినవారికి ఇంత యిత్తుమని ముందుగనే ప్రకటించునది రెండవది. వార్షికోత్సవ దినమున మేము పిల్లలకు పంచిపెట్టు పుస్తకములు మొదటి విధములోనివి. ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు పందొమ్మిదవ శతాబ్దమున ఇచ్చుచుండిన ఆడమ్స్ బహుమానము రెండవ విధములోనిది. ఆ బహుమానమును యౌవనమున తాను గెలుచుకొని, నడివయస్సున పరీక్షకులలో నొకడుగా కూర్చుండి దానిని మరియొకరి కిచ్చిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ పండితుని చరిత్రమును ఈ సంచికయందు మా చదువరులకు తెలుప నెంచితిమి.

విద్యుత్తును, అయస్కాంత శక్తిని, వెలుతురును ఒక్క సూత్రమున గ్రుచ్చిన మహాశాస్త్రజ్ఞుడని ఆయనను పై తరగతుల విద్యార్థు లెల్లరు నెరుగుదురు. యంత్రములను మనుష్యుని చేయి తగులకయే అదుపులో నుంచు విద్యకు, అనగా నేడు కంట్రోల్ సిస్టమ్స్ ఇంజనీరింగు అనబడు శాస్త్రమునకు, ఆయన పునాది వేసెనన్న సంగతి అంతగా తెలిసినది కాదు. ఆ పునాదికిని ఆడమ్స్ బహుమానమునకును గల సంబంధమే ఈ వ్యాసమునకు ముఖ్య విషయము.

మాక్స్‌వెల్ 1831వ సంవత్సరము జూన్ 13వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాదిగా పట్టము పుచ్చుకొన్నవాడేగాని, ఆయన మనస్సెల్లప్పుడును యంత్రములమీదను కొత్త పనిముట్లమీదను ఉండెడిది. గ్లెన్‌లేర్ అను పల్లెలో వారికి భూములును ఇల్లును కలవు. బాలుడచ్చటనే పెరిగెను. పనివారిని పిలుచు గంటల తీగెలు గోడలలో నుండి ఎచ్చటికి పోవుచున్నవి, ఏటి నీరు ఎటు మళ్లుచున్నది అని పసితనముననే వెదకుచు, జవాబు దొరకువరకు పెద్దలను విడిచెడివాడు కాడు. తొలి గురువు తల్లియే. 1839వ సంవత్సరమున, ఆయన ఎనిమిదేండ్లవాడై యుండగా, ఆమె ఉదరవ్రణముచే మరణించెను.

1841వ సంవత్సరమున తండ్రి ఆయనను ఎడింబరో అకాడమీ యను పాఠశాలలో చేర్పించెను. తండ్రి స్వయముగా కనిపెట్టి కుట్టించిన వింత చొక్కాయితోను, చదరపు మొనల బూట్లతోను, పల్లెటూరి యాసతోను వచ్చిన ఈ బాలుని చూచి తోడి పిల్లలు మొదటి దినముననే ఎగతాళి చేసి, వెఱ్ఱివాడను అర్థము గల మారుపేరు పెట్టిరి. ఆ పేరు చాల కాలము నిలిచెను. అయినను పదునాలుగేండ్ల వయస్సున, గుండుసూదులను దారమును ఉపయోగించి కోడిగ్రుడ్డు ఆకారపు వక్రరేఖలను గీయు పద్ధతిని అతడు కనుగొనెను. బాలుడు పండితసభలో చదువుట ఆచారము గానందున, 1846వ సంవత్సరమున ఎడింబరో రాయల్ సొసైటీ సభలో ఫోర్బ్స్ అను ఆచార్యుడు ఆ వ్యాసమును ఆయనకు బదులుగా చదివెను.

మూడేండ్లు ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, 1850వ సంవత్సరమున మాక్స్‌వెల్ కేంబ్రిడ్జి చేరెను. మొదట పీటర్‌హౌస్ అను కళాశాలయందు ప్రవేశించి, కొలది కాలములోనే ట్రినిటీ కళాశాలకు మారెను. ఆ పీటర్‌హౌస్‌లోనే ఎడ్వర్డ్ జాన్ రౌత్ అను మరియొక విద్యార్థి యుండెను. ఇతడు కెనడాలోని క్విబెక్ పట్టణమున అదే 1831వ సంవత్సరమున జనవరిలో జన్మించినవాడు. ఇరువురకును గణితము చెప్పిన గురువు హాప్కిన్స్ అను ఒకడే. 1854వ సంవత్సరపు గణిత పరీక్షలో రౌత్ ప్రథముడుగను మాక్స్‌వెల్ ద్వితీయుడుగను వచ్చిరి. ఆ పరీక్షలో మొదటి శ్రేణివారిని రాంగ్లర్లందురు. వారిలో ప్రథముడు సీనియర్ రాంగ్లరు. 1899వ సంవత్సరమున మన దేశస్థుడగు పరాంజపే పండితుడు ఈ గౌరవమునే మరియొకరితో సమానముగా పొందెను. ప్రథమస్థానము మాక్స్‌వెల్‌కు దక్కలేదు. కాని దాని వెంటనే జరిగిన స్మిత్ బహుమాన పరీక్షలో ఇరువురును సమానులుగా నిర్ణయింపబడిరి. చదువరులు రౌత్ పేరును జ్ఞప్తియందుంచుకొన గోరెదము. ఈ కథలో ఆయన మరల వచ్చును.

ఇక ఆడమ్స్ బహుమానము ఎట్లు పుట్టెనో చెప్పవలెను. యురేనస్ గ్రహము లెక్కప్రకారము నడువవలసిన దారిలో నడువక కొంచెము తొలగుచుండెను. కంటికి కానరాని మరియొక గ్రహము దానిని లాగుచుండవచ్చునని తలచి, కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్ కళాశాలకు చెందిన జాన్ కౌచ్ ఆడమ్స్ అను యువకుడు 1845వ సంవత్సరమున ఆ గ్రహముండవలసిన చోటును లెక్కవేసి పెద్దల కందజేసెను. వెదకుటలో ఆలస్యమయ్యెను. ఈలోగా ఫ్రాన్సు దేశపు లెవెర్యే అను పండితుడు తానుగా ఆ లెక్కనే చేయగా, దానినిబట్టి 1846వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీ రాత్రి బెర్లిను నగరమున నెప్ట్యూన్ గ్రహము కనబడెను. ఆ కనుగోలులో ఆడమ్స్‌కు గల భాగము మరుగున పడకుండునట్లు ఆయన కళాశాలవారు ధనము చేర్చి, 1848వ సంవత్సరమున ఆయన పేర ఈ బహుమానమును ఏర్పరచిరి. రెండేండ్లకొక పర్యాయము పరీక్షకులు ఒక విషయమును ప్రకటింతురు. కేంబ్రిడ్జి పట్టభద్రులెవరైనను దానిపై వ్యాసము పంపవచ్చును.

1855వ సంవత్సరమున ప్రకటింపబడిన విషయము శనిగ్రహ వలయములు. శనిచుట్టు కనబడు ఆ పళ్లెమువంటి వలయము గట్టి పదార్థమా, ద్రవమా, లేక వేర్వేరు తునకల సమూహమా? ఏ విధముగా నున్నయెడల అది చెదరక నిలువగలదు? ఇదియే ప్రశ్న. మాక్స్‌వెల్ దీనిని చేపట్టెను. పని జరుగుచుండగనే 1856వ సంవత్సరము ఏప్రిలులో తండ్రి మరణించెను. ఆ సంవత్సరముననే ఆయన అబర్డీను నగరములోని మారిషల్ కళాశాలలో ఆచార్యుడయ్యెను.

ఇచ్చట స్థిరత్వమను మాటకు అర్థము తెలిసికొనవలెను. గిన్నెలో గోలీ నొకదానిని ఉంచి వ్రేలితో కొంచెము కదల్చుడు. అది అటునిటు దొర్లి, తుదకు అడుగునకే వచ్చి నిలుచును. అదే గిన్నెను బోర్లించి దాని నెత్తిమీద గోలీని జాగ్రత్తగా నిలిపి కొంచెము కదల్చుడు. అది జారిపోవునే గాని మరల రాదు. రెండు చోట్లను గోలీ కొంతసేపు నిలిచియే యున్నది. కాని మొదటి నిలుకడ స్థిరము, రెండవది అస్థిరము. నిలిచియున్నదా యనునది ప్రశ్న కాదు. కదల్చిన తరువాత ఏమగుననునదే ప్రశ్న. ఈ ప్రశ్ననే మాక్స్‌వెల్ శనివలయమును గూర్చి వేసెను. ఎల్లెడల సమానముగా నుండు గట్టి వలయము నిలువజాలదని ఫ్రాన్సు దేశపు లప్లాస్ పండితుడు పూర్వమే చూపియుండెను. గట్టి వలయము నిలువవలెనన్న దానిపై ఒకచోట మిగిలిన వలయమునకు నాలుగు రెట్లకు మించిన బరువు మోపవలసియుండునని మాక్స్‌వెల్ లెక్కించెను. అట్టి వలయము ఆకాశమున కనబడుటలేదు. ద్రవ వలయము తునిగిపోవును. కావున అది ఎవరి దారిని వారు తిరుగు అసంఖ్యాకములగు తునకల గుంపు మాత్రమే కావలయునని తేల్చెను. 36 చిన్న దంతపు గోళములు గల యంత్ర నమూనా నొకదానిని చేయించి, ఆ తునకలలో అలలు ఎట్లు నడుచునో కన్నులకు చూపెను. 1857వ సంవత్సరమున ఆడమ్స్ బహుమానము ఆయనకు లభించెను. అప్పటి కాయన వయస్సు 26 సంవత్సరములు దాటలేదు.

1858వ సంవత్సరమున తన కళాశాల అధ్యక్షుని కుమార్తెయగు కాథరిన్ డీవర్‌ను ఆయన వివాహమాడెను. రెండేండ్లకు అబర్డీనులోని రెండు కళాశాలలును కలిసి ఒకటియగుటచే ఆయన ఉద్యోగము పోయెను. ఎడింబరోలో ఖాళీపడిన పదవికి దరఖాస్తు పెట్టుకొనగా అది ఆయన బడి మిత్రుడగు టెయిట్ పండితునకు దొరకెను. అటుపిమ్మట లండనులోని కింగ్స్ కళాశాల ఆయనను చేర్చుకొనెను. 1865వ సంవత్సరమున అచ్చుపడిన ఆయన మహావ్యాసము వెలుతురు సైతము విద్యుదయస్కాంత తరంగమేయని చాటినది అచ్చటనుండియే.

ఆ లండను దినములలోనే ఆయన దృష్టి గవర్నరను యంత్రభాగముపై పడెను. విద్యుత్ నిరోధమునకు ప్రమాణముగా ఓము అను కొలతను నిర్ణయించుటకు బ్రిటిషు శాస్త్ర సంఘమువారు నియమించిన ఉపసంఘమున ఆయన సభ్యుడు. అందుకొరకు రాగితీగె చుట్టను సమవేగముతో త్రిప్పుచుండవలసి వచ్చెను. వేగము మారినచో కొలత చెడును. వేగమును అదుపులో నుంచుటకు జెన్కిన్ అను ఇంజనీరు చేసిన గవర్నరును దానికి తగిలించిరి.

గవర్నరు కొత్తది కాదు. 1788వ సంవత్సరమున జేమ్స్ వాట్ తన ఆవిరి యింజనునకు దానిని అమర్చెను. ఇరుసుతో కూడ తిరుగు రెండు ఇనుప గుండ్లు అందులో నుండును. ఇంజను వేగము హెచ్చినచో గుండ్లు దూరముగా విసరబడి పైకి లేచును. అవి లేచినప్పుడు వాటికి తగిలించిన మీట ఆవిరి వచ్చు దారిని కొంత మూయును. వేగము తగ్గినచో గుండ్లు దిగును, ఆవిరి దారి తెరచుకొనును. ఈ విధముగా యంత్రము తన తప్పును తానే కనుగొని దిద్దుకొనును. ఉపాయము చక్కనిదే. కాని కొన్ని గవర్నర్లు ఇంజనును దారిలో పెట్టుటకు బదులు మరింత చెరచుచుండెను. వేగము కొంచెము హెచ్చగా గవర్నరు అతిగా తగ్గించును, పిమ్మట అతిగా పెంచును. ఒకదానినొకటి మించి ఊగిసలాట పెరుగును. సైకిలు నేర్చుకొను బాలుడు ఎడమకు ఒరిగినందుకు కుడికి మితిమీరి త్రిప్పి, తిరిగి ఎడమకు మరింత త్రిప్పి క్రిందపడుట ఇట్టిదే. వానికి దిద్దుకొనవలెనను తలంపు లేక కాదు; దిద్దుబాటు మితము తప్పుటచే పడుచున్నాడు.

ఏ గవర్నరు దిద్దును, ఏది చెరచును? పనివారు దీనిని చేసి చూచి తెలిసికొనుచుండిరి. మాక్స్‌వెల్ లెక్కవలన తెలిసికొన దలచెను. శనివలయమునకు వేసిన ప్రశ్ననే ఇనుప గుండ్లకు వేసెను: కొంచెము కదల్చిన తరువాత ఏమగును? ఆకాశములోని వలయమునకును, పనిశాలలోని యంత్రమునకును ఒకే గణితము చెల్లుననుట ఆయన ప్రతిభకు గుర్తు. కదలిక నాలుగు రీతులుగా నుండవచ్చును. అది తిన్నగా పెరిగిపోవచ్చును, తిన్నగా తరిగిపోవచ్చును, పెరుగుచుండు ఊగులాట కావచ్చును, తరుగుచుండు ఊగులాట కావచ్చును. తరిగిపోవు రెండు రీతులు మాత్రమే యంత్రమునకు క్షేమము. ఇది యేదియో యంత్రపు సమీకరణముయొక్క మూలములు చెప్పును. మూలము లన్నిటి వాస్తవ భాగములును రుణములైనప్పుడే యంత్రము స్థిరము.

మూలములను కనుగొనకయే, సమీకరణపు గుణకములను చూచి యీ సంగతి చెప్పగలమా? మూడవ ఘాతపు సమీకరణమునకు చెప్పగలమని మాక్స్‌వెల్ చూపెను. నాలుగు గుణకములును ఒకే గుర్తు గలవై, నడిమి రెండింటి లబ్ధము కొనల రెండింటి లబ్ధమునకు మించియుండవలెను. పై తరగతి విద్యార్థులు దీనిని స్వయముగా ఉదాహరణములపై పరీక్షించి చూడవచ్చును. అయిదవ ఘాతమునకు కొన్ని నియమములు దొరకెను గాని, అవి చాలునో చాలవో ఆయనకు తేలలేదు. అంతకు పై ఘాతములకు దారి కానరాలేదు.

1868వ సంవత్సరము మార్చి 5వ తేదీన ఈ వ్యాసము లండను రాయల్ సొసైటీ సభలో చదువబడెను. అప్పటికి మాక్స్‌వెల్ పేరుపొందిన పండితుడు. తేలిన భాగమును మాత్రము అచ్చువేయించి, తేలనిదానిని గూర్చి మిన్నకున్నచో అడుగువారు లేరు. ఆయన అట్లు చేయలేదు. మూడవ ఘాతమునకు పైన పూర్తి నియమములు తనకు చేతకాలేదనియు, గణితజ్ఞులు ఈ విషయముపై దృష్టి నిలుపుదురని ఆశించుచున్నాననియు ఆ వ్యాసముననే వ్రాసెను. అంతకు ముందు ఆ సంవత్సరారంభమున లండను గణిత సమాజపు సభలో ఇదే ప్రశ్నను పెద్దల ముందుంచి, ఎవరికైనను తెలియునాయని అడిగెను. తనకు రానిదానిని అందరకు వినబడునట్లు చెప్పుట ఎంత కష్టమో, నల్లబల్లయొద్ద నిలువబడిన విద్యార్థులకును, వారి యెదుట నిలువబడు మావంటి ఉపాధ్యాయులకును వేరుగా చెప్పనక్కరలేదు.

ఏడేండ్లు గడచెను. మాక్స్‌వెల్ 1871వ సంవత్సరమున కేంబ్రిడ్జిలో మొదటి కావెండిష్ ఆచార్యుడై, పేరొందిన కావెండిష్ ప్రయోగశాలను 1874వ సంవత్సరమున నెలకొల్పెను. 1875వ సంవత్సరమున ఆడమ్స్ బహుమానమునకు విషయము ప్రకటించిన పరీక్షకులలో ఆయన ఒకడు. ఆ విషయము చలనము స్థిరమో అస్థిరమో తెలుపు నియమమును కనుగొనుట. తన చేతిలో తెగక మిగిలిన ప్రశ్న ఇప్పుడు బహుమానమునకు పెట్టిన ప్రశ్న యయ్యెను.

దానిని గెలిచినవాడు రౌత్. ఇరువది మూడేండ్ల క్రిందట పరీక్షలో మాక్స్‌వెల్‌ను మించినవాడే 1877వ సంవత్సరమున, మాక్స్‌వెల్ నిలిచిపోయిన చోటునుండి ముందునకు సాగెను. ఈ నడుమ రౌత్ కేంబ్రిడ్జిలో గణితము నేర్పుటయే వృత్తిగా చేసికొనియుండెను. ఆయనయొద్ద చదివినవారు 600 మందికి పైబడిరి. వారిలో సీనియర్ రాంగ్లర్లే పాతికమందికి మించిరి. ఉపాధ్యాయుని పనిలో తలమునకలై యుండియు ఆయన ఈ కార్యము సాధించుట మావంటివారికి గర్వకారణము.

రౌత్ కనుగొనిన పద్ధతి ఏ ఘాతమునకైనను చెల్లును. గుణకములను ఒకటి విడిచి ఒకటి తీసికొని రెండు వరుసలుగా వ్రాయవలెను. ఆ రెండు వరుసలనుండి అడ్డ గుణకారములచే మూడవ వరుసను, దానినుండి నాలుగవదానిని, ఇట్లు తుదివరకు వ్రాసికొనిపోవలెను. పిమ్మట మొదటి నిలువు వరుసను పైనుండి క్రిందికి చూడవలెను. అందు గుర్తు మారనిచో యంత్రము స్థిరము. ఎన్ని మారులు మారినదో అన్ని మూలములు చెరచునవి. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము తప్ప మరేమియు అక్కరలేదు. నేటికిని నియంత్రణ శాస్త్రము నభ్యసించు ఇంజనీరింగు విద్యార్థి మొదట నేర్చుకొను పట్టికలలో ఇది యొకటి.

మాక్స్‌వెల్ అటుతరువాత చిరకాలము జీవింపలేదు. తల్లిని కబళించిన వ్యాధియే ఆయనకును సోకెను. 1879వ సంవత్సరము నవంబరు 5వ తేదీన, 48 సంవత్సరముల వయస్సున, కేంబ్రిడ్జిలో పరమపదించెను. గ్లెన్‌లేర్‌కు సమీపమున పార్టన్ గ్రామపు దేవాలయపు ఆవరణములో ఆయనను సమాధి చేసిరి. రౌత్ 1907వ సంవత్సరమున దివంగతుడయ్యెను.

1887, 1888 సంవత్సరములలో హెర్ట్జ్ పండితుడు విద్యుత్తరంగములను పుట్టించి చూపగా మాక్స్‌వెల్ సిద్ధాంతము రుజువయ్యెను. 1895వ సంవత్సరమున అమెరికాలో కీలర్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు శనివలయపు వెలుతురును పరీక్షించి, లోపలి అంచు వెలుపలి అంచుకంటె వేగముగా తిరుగుచున్నదని చూపెను. గట్టి చక్రమైనచో ఇది సాధ్యము కాదు. బహుమాన వ్యాసమునకు 38 సంవత్సరములకు ఆకాశమే సాక్ష్యము పలికినది. అదే 1895వ సంవత్సరమున స్విట్జర్లండులో హుర్విట్జ్ పండితుడు, రౌత్ చేసిన పని నెరుగకయే, నీటి టర్బైనుల అదుపును గూర్చి ఒక ఇంజనీరు అడిగిన ప్రశ్నకు జవాబుగా ఆ నియమమునే వేరొక రూపమున సాధించెను. అందుచే దానికి ఇరువురి పేరులును కలసినవి. 1948వ సంవత్సరమున నార్బర్ట్ వీనర్ అను అమెరికా గణితజ్ఞుడు అదుపు శాస్త్రమునకు సైబర్నెటిక్స్ అని పేరు పెట్టినప్పుడు, ఓడను నడుపు చుక్కానివానికి గ్రీకులు వాడు పదము నెన్నుకొనెను. గవర్నరను మాటయు ఆ పదమునుండి పుట్టినదే. మాక్స్‌వెల్ వ్యాసమును గౌరవించుటయు ఆ పేరునకు కారణములలో నొకటి. నేడు విమానమును తిన్నగా నడుపు యంత్రమునందును, విద్యుత్కేంద్రపు టర్బైనునందును కదల్చిన తరువాత ఏమగునను ప్రశ్నయే మొదటిది.

ఆడమ్స్ బహుమానము నేటికిని కలదు. ఇప్పుడది బ్రిటనులో పనిచేయు యువ గణితజ్ఞుల కీయబడుచున్నది. నియంత్రణ శాస్త్రమున పరిశోధన చేయు యువకులకు ప్రత్యేకముగా మరియొక స్మారక బహుమానము సైతము ఏర్పడినది. రోము విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమును బోధించి, దాని అధిపతియై, పిమ్మట ఇటలీ దేశపు మంత్రిగను పనిచేసి 2000వ సంవత్సరమున మరణించిన ఆంటోనియో రుబెర్టీ పేర అది వెలసినది. ఇట్టి బహుమానములకు పేరు పెట్టబడినవారు పోయినను, వారి పేరు చెప్పి ప్రతి తరములోను ఒక యువకుడు పనికి పూనుకొనుచున్నాడు.

విద్యార్థులారా, మాక్స్‌వెల్ గెలిచిన బహుమానముకంటె ఆయన విడిచిన ప్రశ్నయే నియంత్రణ శాస్త్రమునకు ఎక్కువ మేలు చేసినది. జవాబు రాని లెక్కను మీ పుస్తకమునుండి చింపివేయకుడు. ఎంతవరకు వచ్చినదో అంతవరకు శుభ్రముగా వ్రాసి, ఏ చోట నిలిచిపోయినదో అచ్చట గీత గీసి, తోటివానికి చూపుడు. అతడు పరీక్షలో మిమ్ము మించినవాడైనను సరే.